పాముల వైద్యుడు పాట్రిక్ రస్సెల్

తొలకరి వానలు పడి నారుమళ్లు సిద్ధమగు రోజులలో మా మైలవరము చుట్టుపట్ల పల్లెలలో ఒక ప్రశ్న తరచుగా వినవచ్చును. చేనిగట్టు మీదనో, మామిడితోటలో రాలిన ఆకుల నడుమనో, కొండపల్లి కొండలవైపు పోవు బాట ప్రక్కనో కాలికేదో చురుక్కున తగిలి మనిషి కూలబడును. చీకటివేళ పాము పేరెత్తరాదని పెద్దలు పురుగు ముట్టినదని మాత్రమే అందురు. చుట్టుచేరినవారు అడుగు మొదటి మాట ఒక్కటే. ముట్టినది ఏ పురుగు? నాగుపామా, కట్లపామా, రక్తపింజరియా, లేక విషమెరుగని నీరుకట్టెయా? ఆ ప్రశ్నకు వచ్చు సమాధానము మీద ఒక ఇంటి దీపము ఆధారపడి యున్నదని అందరును నమ్ముదురు.

వీనిలో రక్తపింజరిని మన పాఠ్యగ్రంథములు రస్సెల్ వైపర్ అని పేర్కొనును. విద్యార్థులు ఆ పేరును కంఠస్థము చేసి పరీక్షలో వ్రాసి వత్తురు. రస్సెల్ ఎవరని అడుగు విద్యార్థి అరుదు. అడిగినచో చెప్పగల ఉపాధ్యాయుడు ఇంకను అరుదు. ఆయన మన తెలుగుదేశమున, విశాఖపట్టణపు తీరమున ఏడెనిమిది సంవత్సరములు నివసించిన వైద్యుడని, మన పాములను మన పేర్లతోనే లోకమునకు పరిచయము చేసినవాడని, పైన చెప్పిన ప్రశ్ననే తన జీవితకార్యముగా తీసికొన్నవాడని తెలిసికొన్నప్పుడు ఆ పొడిమాటలో ప్రాణము కనబడును.

ఆ ప్రశ్న పైకి వైద్యునిది. లోతునకు పోయి చూచినచో జీవశాస్త్రపు మూలప్రశ్నలలో ఒకటి. ఒక ప్రాణి ఆకారము చూచి అది ఏమి చేయగలదో చెప్పవచ్చునా? ఒక అవయవపు రూపమును బట్టి అది నిర్వహించు పనిని ఊహింపవచ్చునా? శాస్త్రజ్ఞులు మొదటిదానిని రూపమనియు, రెండవదానిని ధర్మమనియు వ్యవహరింతురు. స్వరూపశాస్త్రము, శరీరధర్మశాస్త్రము అను రెండు శాఖలు ఈ విభజన నుండియే పుట్టినవి. ఈ రెంటి సంబంధమేమి అను చర్చ రెండువేల మూడువందల ఏండ్ల క్రిందట అరిస్టాటిల్ నాడు మొదలై నేటికిని ముగియలేదు. రస్సెల్ తత్త్వవేత్త కాడు. అయినను ఆయన బ్రతుకునందు ఈ చర్చ యంతయు రక్తమాంసములతో కానవచ్చును.

పాట్రిక్ రస్సెల్ స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున, పాత పంచాంగము ప్రకారము 1726వ సంవత్సరమున జన్మించినాడు. తండ్రి జాన్ రస్సెల్ న్యాయవాది, పెద్ద సంసారము. సవతి అన్న అలెగ్జాండరు వైద్యుడై సిరియా దేశమునందలి అలెప్పో నగరమున, ఆంగ్ల వర్తకసంఘము వారి స్థావరమున పనిచేయుచుండెడివాడు. పాట్రిక్ కూడ వైద్యమభ్యసించి 1750లో అన్నగారి వద్దకు చేరినాడు. 1753లో అన్నగారు స్వదేశమునకు మరలిపోగా ఆ వైద్యపదవి తమ్మునికి సంక్రమించినది. ఆనాటికి ఆయనకు ఇరువదియారేండ్లు.

అలెప్పోలో ఆయన సుమారు రెండు దశాబ్దములు గడపినాడు. అరబ్బీ భాష చక్కగా నేర్చినాడు. అచటి ప్రజలకు, పాలకులకు ఆయనయందు ఏర్పడిన గౌరవమెంతటిదనగా, తలపాగా ధరించు మర్యాదను పాషా ఆయనకు దయచేసినాడని చెప్పుదురు; పరదేశీయులకు అది సామాన్యముగ లభించునది కాదు. 1760 మొదలు 1762 వరకు ఆ నగరమును మహామారి ఊపివేసినది. రస్సెల్ పారిపోలేదు. రోగులను చూచుచు, జ్వరము ఎన్నవ నాడు పెరిగినది, గడ్డ ఎచట లేచినది, ఎవరు బ్రతికినారు, ఎవరు పోయినారు అని రోజువారీగా వ్రాసిపెట్టుకొన్నాడు. ఆ వ్రాతలే మూడు దశాబ్దముల తరువాత, 1791లో, ప్లేగు వ్యాధిని గూర్చిన బృహద్గ్రంథముగా వెలువడినవి. చూచినది వ్రాయుట, తొందరపడి నిర్ణయింపకుండుట అను ఆయన అలవాటునకు అలెప్పో పాఠశాల యైనది.

1771లో అలెప్పో విడిచి, మరుసటి యేట లండను చేరి అచట వైద్యవృత్తిలో స్థిరపడినాడు. నావికుడు కుక్‌తో భూప్రదక్షిణము చేసి వచ్చిన జోసెఫ్ బ్యాంక్స్ వంటి ప్రకృతిశాస్త్రజ్ఞులతో స్నేహమేర్పడినది. 1777లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. ఏబదియేండ్లు దాటిన పెద్దమనిషి, పేరుప్రతిష్ఠలు గలవాడు, ఇక ఊరక కూర్చుండినను అడుగువారు లేరు. అట్టివాడు 1781లో ఓడ యెక్కి మన తీరమునకు వచ్చినాడు. తమ్ముడు క్లాడ్ రస్సెల్ విశాఖపట్టణమున ఈస్టిండియా కుంపిణీ పాలనాధికారిగా నియమితుడైనాడు. తమ్మునికి తోడుగా అన్న బయలుదేరినాడు.

ఉత్తర సర్కారులు అప్పటికే కుంపిణీ చేతిలోనికి వచ్చి యున్నవి. దేశమునందలి చెట్లు, చేపలు, రంగులు, మందులు ఏవి లాభసాటియో తెలిసికొనవలెనని కుంపిణీవారికి ఆసక్తి యుండెను. ఆ పనికై నియమితుడైన కోనిగ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ శిష్యుడు. ఆయన 1785లో కాకినాడ చెంత జగన్నాథపురమున మరణించినాడు. ఆ స్థానమున రస్సెల్‌ను నియమించినారు. ఉద్యోగము మొక్కలకు సంబంధించినది. కాని వైద్యుని మనస్సు పాములపై నిలిచినది. పాముకాటునకు ప్రతి యేడు ఎందరో బలియగుచుండగా, కరచినది విషసర్పమో కాదో చెప్పగల నమ్మకమైన గుర్తు ఒక్కటియు ఐరోపా శాస్త్రమువద్ద లేదని ఆయన గుర్తించినాడు.

ఆనాటి శాస్త్రము పాములను ఎట్లు విభజించెడిదో చెప్పినగాని ఈ కష్టము బోధపడదు. లిన్నేయస్ పద్ధతిలో పాము పొట్టక్రింది పొలుసులను, తోకక్రింది పొలుసులను లెక్కించి జాతిని నిర్ణయించెడివారు. ఇది రూపమును మాత్రమే చూచు పద్ధతి. పెట్టెలలో సర్దుకొనుటకు అది చక్కని ఉపాయమే. కాని ఆ లెక్క ఎంత చక్కగా చేసినను ఆ పాము కాటు ప్రాణాంతకమా కాదా అన్నది తెలియదు. విషసర్పము, సాధుసర్పము ఒకే పెట్టెలో ప్రక్కప్రక్కన పడియుండును. రూపమునకు, ధర్మమునకు నడుమ గల అగాధము వైద్యుని కనులయెదుట నిలిచినది.

రస్సెల్ పాములను సేకరింప నారంభించినాడు. వానిని ఎరిగినవారు తెలుగువారు. పట్టి తెచ్చినవారు తెలుగువారు. పేరు చెప్పినవారును తెలుగువారే. ఆ పేర్లను ఆయన తన చెవికి వినబడినట్లు రోమను లిపిలో వ్రాసికొన్నాడు. తన గ్రంథమున వానికి లాటిను పేర్లు తగిలింపక ఆ దేశీయనామములనే నిలిపినాడు. అందుచేత 1796లో లండనులో అచ్చయిన ఆ మహాగ్రంథపు రంగుల పటములకు నేటికిని తెలుగుమాటలే శీర్షికలు. రక్తపింజరికి ఆయన వినిన పేరు కాటుకరేకుల పొడ. ఆ పాము వీపుపై వరుసగా తీర్చిన నల్లని అంచుల కోలమచ్చలను ఒక్కసారి చూచినవారికి ఈ పేరు పెట్టిన అజ్ఞాతకవి చూపు ఎంత నిశితమో తెలియును. పసుపు నలుపు పట్టెల పామునకు వినిన పేరు బంగారు పాము. దానిని బట్టియే 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ కట్లపాముల జాతి యంతటికిని బంగారస్ అను శాస్త్రీయనామము పెట్టినాడు. ప్రపంచమందలి ఏ ప్రయోగశాలలో కట్లపామును పేర్కొన్నను ఒక తెలుగుమాట పలుకవలసినదే.

ఈ పేర్లలోనే మన ప్రశ్న యొకటి దాగియున్నది. కొండచిలువకు రస్సెల్ వినిన పేరు పెద్ద పొడ. పొడ యనగా మచ్చ. కొండచిలువయు మచ్చలదే, రక్తపింజరియు మచ్చలదే. అందుచేత జనులు రెంటిని పొడ యనినారు. రూపమును బట్టి ఇది న్యాయమే. కాని ధర్మమున రెంటికి పోలిక లేదు. ఒకటి చుట్టుకొని నలిపి చంపునది, కోరలలో విషము లేనిది. మరియొకటి లిప్తపాటున విషము ఎక్కించునది. చిన్న కొండచిలువ యని తలచి రక్తపింజరిని చేతబట్టి ప్రమాదము తెచ్చుకొన్నవారి వార్తలు నేటికిని వినుచున్నాము. కట్లపాము సంగతి మరియొక విధము. తల సన్నన, కోర చిన్నది, నడక నెమ్మది. కాటు నొప్పియు స్వల్పము. దానిని పోలిన పట్టెలు గల విషరహితసర్పములును కలవు. చూచుటకు సాధువైనది ప్రాణము తీయును. చూచుటకు భయంకరమైనది ఏమియు చేయలేదు.

మరి నమ్మదగిన గుర్తు ఎచట నున్నది? మేని రంగులో లేదు, తల వెడల్పులో లేదు, పొలుసుల లెక్కలో లేదు. నోరు తెరచి చూడవలెను. విషము లేని పాముల పైదవడలో సన్నని దంతములు నాలుగు వరుసలుగా నుండును. నాగుపాము, పింజరి వంటివానిలో వెలుపలి వరుసల స్థానమున కోరలుండి, లోపలి రెండు వరుసలే మిగులును. ఆ కోరకు విషగ్రంథి నుండి నాళము, నాళమునుండి కోర కొనవరకు దారి. ఇచట రూపము తన ధర్మమును తానే చెప్పుచున్నది. వైద్యుని సూదిని మనుష్యుడు కనిపెట్టుటకు ఎన్నియో యుగముల ముందే ప్రకృతి దానిని పాము నోట అమర్చినది.

రూపము చెప్పని చోట రస్సెల్ ప్రయోగమును ఆశ్రయించినాడు. కోళ్లను, కుక్కలను పాముచేత కరపించి ఎంతసేపటికి ఏ లక్షణము కలిగినది, ఎప్పుడు తూలినది, ఎప్పుడు ప్రాణము పోయినది అని గడియారము చూచి వ్రాసికొన్నాడు. ఈ ప్రయోగములు నేటివారి మనస్సునకు కష్టము కలిగించును; కలిగించుటయు న్యాయమే. కాని వాని ఫలముగ కాటుకరేకుల పొడ నాగుపాము తరువాత అంతటి ప్రమాదకరమైన సర్పమని స్పష్టపడినది. ఆనాడు తంజావూరు మాత్ర యను విషపు విరుగుడుకు గొప్ప ప్రసిద్ధి యుండెను. దానిని కూడ ఆయన పరీక్షకు పెట్టినాడు. ఆ మాత్రలో పాదరసము, పాషాణము చేరి యున్నట్లు తెలిసినది. పాము కరచినప్పుడెల్ల విషము ఎక్కదు. విషమెక్కని కాటునకు ఏ మందు వేసినను రోగి బ్రతుకును, మందునకు కీర్తి వచ్చును. మంత్రములకు, వేళ్లకు, నల్లరాళ్లకు వచ్చిన పేరంతయు ఈ దారినే వచ్చినది. పేరును నమ్మక ఫలితమును లెక్కించుట రస్సెల్ మార్గము.

1787లో ఆయన మదరాసు ప్రభుత్వమునకు ఒక సూచన చేసినాడు. కుంపిణీ ఉద్యోగులు తాముండు చోట్ల ప్రకృతి విషయములను పరిశీలించి సేకరించి పంపవలెనని దాని సారాంశము. 1789లో ఆయన స్వదేశమునకు మరలగా ఆయన స్థానమునకు సామర్లకోటలో నుండిన రాక్స్‌బరో వచ్చినాడు. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి రాక్స్‌బరో వ్రాసిన సుప్రసిద్ధ గ్రంథము 1795లో వెలువడ నారంభించినప్పుడు దానికి పీఠిక వ్రాసినవాడు రస్సెల్. తన పరిశ్రమకు ఫలము పండకముందే ఇతరుల తోటకు నీరు పోసిన సహృదయుడాయన.

లండను చేరిన తరువాతి పదునారేండ్లు ఆయన కలము విశ్రమింపలేదు. 1791లో ప్లేగు గ్రంథము. 1794లో అన్నగారి అలెప్పో ప్రకృతిచరిత్రకు విస్తృతమైన కూర్పు. 1796లో సర్పగ్రంథపు తొలి సంపుటము. 1803లో విశాఖపట్టణమున సేకరించిన 200 చేపల వర్ణనలు, చిత్రములు. ఆ చేపలకును తెలుగుపేర్లే. సర్పగ్రంథము వెలువడిన మరుసటి యేడు, 1797లో, షా అను శాస్త్రజ్ఞుడు కాటుకరేకుల పొడకు రస్సెల్ పేరు జోడించి శాస్త్రీయనామము కల్పించినాడు. ఇట్లు ఆయన పేరు లోకమున నిలిచినది. కాటుకరేకుల సొగసు మాత్రము పాఠ్యగ్రంథములలో మరుగుపడినది.

రస్సెల్ జీవితమున మిక్కిలి ఆసక్తికరమైన ఘట్టము 1804వ సంవత్సరము. అప్పటికాయనకు డెబ్బదియేడేండ్లు. ఆ యేడు రాయల్ సొసైటీ పత్రికలో శస్త్రవైద్యుడు ఎవరార్డ్ హోమ్ తోడ్పాటుతో రెండు వ్యాసములు ప్రకటించినాడు. రస్సెల్ పరిశీలనము వ్రాయగా, హోమ్ అవయవనిర్మాణమును కోసి చూచి వర్ణించినాడు. ఒకరిది ప్రాణి చేయు పని, మరియొకరిది దాని లోపలి కట్టడము. రూపధర్మములు రెండును ఒకే పుటపై కూర్చుండినవి.

మొదటి వ్యాసము నాగుపాము పడగను గూర్చినది. నాగులచవితినాడు పుట్టలో పాలు పోయు మనకు పడగ దైవచిహ్నము. అది ఎట్లు విచ్చుకొనును? గాలి పీల్చి పొంగించునని తోచుట సహజము, ఏలయన కోపించిన పాము మేను ఉబ్బుట అందరు చూచినదే. ఆ ఉబ్బు వేరు, పడగ వేరు అని రస్సెల్ విడదీసినాడు. మెడ చెంతనున్న ప్రక్కటెముకలు పొడవైనవి. కండరములు వానిని పైకెత్తి వెలుపలికి చాచగా వానిపై చర్మము గొడుగు గుడ్డవలె సాగును. గాలి కాదు, ఎముక. 2010లో యంగ్, కార్డాంగ్ అను శాస్త్రజ్ఞులు సజీవమైన నాగుపాముల కండరములలోని విద్యుత్సంకేతములను నమోదు చేసి, ఆ యెముకలను ఏ కండరము ఎత్తుచున్నదో ఏది నిలుపుచున్నదో విడివిడిగా చూపినారు. రెండువందల యేండ్లకు పైబడిన మాట నిలిచినది.

ఇచట కొంచెము ఆగి ఆలోచింపవలెను. నడుము వద్ద ప్రక్కటెముకలు పాము ప్రాకుటకు, ఊపిరి తీయుటకు తోడ్పడుచున్నవి. మెడవద్ద అవే యెముకలు పడగను పట్టుచున్నవి. ఎముక ఒకటే, పనులు వేరు. రస్సెల్ మరణించిన పాతికేండ్లకు, 1830లో, పారిస్ విజ్ఞానపరిషత్తులో ఇద్దరు మహాశాస్త్రజ్ఞులు దీనివంటి విషయములపై బహిరంగముగా వాదులాడినారు. క్యువియే వాదమిది: ప్రాణికి జీవించుటకు ఏ పని యవసరమో దానిని బట్టియే అవయవము తీరినది; ధర్మమే రూపమును శాసించును. జాఫ్రువా వాదము వేరు: ప్రాణులన్నింటికిని మూలమున ఒకే కట్టడమున్నది, ఆ కట్టడములోని భాగములే ఎక్కడి కక్కడ కొత్త పనులకు వంగినవి, రూపమే ముందు. పడగను చూపి క్యువియే బెదిరించుట యను ప్రయోజనమును చెప్పవచ్చును. అదే పడగను చూపి జాఫ్రువా ఇది ప్రక్కటెముక తప్ప వేరు కాదనవచ్చును. విశేషమేమనగా రస్సెల్ చేపలను, పాములను క్యువియే తన గ్రంథములలో ఆధారముగా పేర్కొన్నవాడే.

ఈ తగవును తీర్చుదారి డార్విన్ 1859లో చూపినాడు. పూర్వజీవుల నుండి సంక్రమించినది కట్టడము. బ్రతుకుపోరాటమున ఎంపికయైనది ప్రయోజనము. పాతయెముకకు కొత్తపని అబ్బుటలో వింత లేదు, అదియే పరిణామమార్గము. తన గ్రంథపు 1872 నాటి కూర్పున డార్విన్ నాగుపాము పడగను ప్రత్యేకముగ ప్రస్తావించి, అది తనపైకి వచ్చు పక్షులను, మృగములను బెదరించుటకే గాని చంపదలచిన ప్రాణికి ముందుగా హెచ్చరిక చేయుటకు కాదని వాదించినాడు. అయినను చర్చ ముగియలేదు. 1916లో రూపము, ధర్మము అనునదే శీర్షికగా ఈ చరిత్రనంతయు ఒక గ్రంథమున కూర్చిన శాస్త్రజ్ఞుని యింటిపేరు కూడ రస్సెల్. ఆయన ఎడ్వర్డ్ స్టూవర్ట్ రస్సెల్.

పాట్రిక్ రస్సెల్ రెండవ వ్యాసమునకు వత్తము. కొన్ని విషసర్పముల మొగమున, ముక్కునకు కంటికి నడుమ, ఇరుప్రక్కల ఒక్కొక్క గుంట యుండును. విశాఖ ప్రాంతమున ఆయన బొడ్రు పాము అను పేరుతో వర్ణించిన పచ్చని వెదురుపింజరికి ఆ గుంట కలదు. అమెరికా గిలకపాములకును కలదు. కాటుకరేకుల పొడకు లేదు. ఆ గుంట ఎంత లోతు, ఎట్టి పొర, ఎక్కడ నున్నది అని ఆ వ్యాసమున పరిశీలించినారు. రూపము తెలిసినది. ధర్మము తెలియలేదు. అది చెవి యని కొందరు, వాసనకు సంబంధించినదని కొందరు, కన్నీటిదారి యని కొందరు ఊహించుచు వచ్చినారు. అడుగువారు మారినారు గాని జవాబు రాలేదు.

జవాబు రావడానికి నూటముప్పదిమూడు సంవత్సరములు పట్టినది. 1937లో అమెరికాలో నోబుల్, ష్మిట్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు గిలకపాముల కండ్లకు గంతలు కట్టి, గుడ్డ చుట్టిన విద్యుద్దీపములను వాని యెదుట కదలించినారు. చల్లని దీపమును పాము లక్ష్యపెట్టలేదు. వెచ్చని దీపముపై గురి తప్పక కాటు వేసినది. గుంట మూసినచో గురి తప్పినది. అనగా ఆ గుంట వేడిని చూచు కన్ను. చిమ్మచీకటిలో ఎలుక మేని వెచ్చదనమే పామునకు వెలుగు. 1952లో బుల్లక్, కౌల్స్ ఆ గుంట నాడినుండి సంకేతములను నమోదు చేసినారు. డిగ్రీలో కొన్ని వేయవ వంతుల తేడాను సైతము అది పసికట్టునని తరువాత తేలినది. 2010లో ఆ వేడిని గుర్తించు అణువును కూడ శాస్త్రజ్ఞులు పట్టుకొన్నారు.

కొండచిలువ పెదవి పొలుసులపై కూడ ఇదే పని చేయు చిన్నగుంటలు కలవు. అవి వేరుచోట, వేరుగా ఏర్పడినవి. పడగలో ఒకే యవయవము, వేరు పని. గుంటలలో వేరు యవయవములు, ఒకే పని. మొదటి పోలికకును రెండవ పోలికకును గల భేదమును 1843లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ స్పష్టముగ నిర్వచించినాడు. విద్యార్థులకు సమజాత, సమధర్మ అవయవములని బోధించునప్పుడు పక్షి రెక్క, తూనీగ రెక్క ఉదాహరణములతో పాటు మన పాముల నుండియు ఉదాహరణము లీయవచ్చును. పిల్లలు తమ చేలలో చూచినదానిని మరువరు.

1805వ సంవత్సరము జులై 2వ తేదీన రస్సెల్ లండనులో మరణించినాడు. ఆయన వివాహమాడలేదు. సర్పగ్రంథపు రెండవ సంపుటము ఆయన కన్నుమూసిన తరువాత పూర్తియైనది. ఆయనను పొగడునప్పుడు ఒక లోపమును మరువరాదు. ఆయన వచ్చినది పరపాలకుల ఓడలో. చేసినది కుంపిణీ కొలువు. ప్రాణమునకు తెగించి పాములను పట్టి తెచ్చిన మనవారి పేర్లు శాస్త్రీయనామములలో చేరలేదు. వారి మాట మాత్రము మిగిలినది. ఆ మాటలను చెరపక నిలిపినందుకు రస్సెల్‌కు మనము ఋణపడి యున్నాము. ఆ మాటలు పలికిన వారికి అంతకంటె ఎక్కువ ఋణపడి యున్నాము.

ఆయన వెదకిన ప్రశ్నకు తుదకు ఎట్టి జవాబు దొరికినది? రక్తపింజరి విషము రక్తము గడ్డకట్టు ప్రక్రియపై పనిచేయునని తరువాతి తరములు కనుగొన్నవి. 1934లో ఆంగ్ల వైద్యుడు మెక్‌ఫర్లేన్, ఆయన సహచరుడు బార్నెట్ ఆ విషమునే పలుచన చేసి, రక్తస్రావము ఆగని రోగుల గాయములపై అద్ది రక్తము నిలుపవచ్చునని చూపినారు. నేడును రక్తపు గడ్డలకు సంబంధించిన ఒక వ్యాధిని నిర్ణయించుటకు ప్రయోగశాలలలో రస్సెల్ పింజరి విషముతో పరీక్ష జరుపుచున్నారు. మన పల్లెవారు దీనిని రక్తపింజరి యని పిలుచుటలో విషధర్మమును గుర్తించిన అనుభవము ధ్వనించుచున్నది. కాటుకరేకుల పొడ రూపమును చెప్పిన పేరు; రక్తపింజరి ధర్మమును తలపించు పేరు. ఒకే పామునకు మన భాష రెండు వైపులనుండి చూచి రెండు పేర్లిచ్చినది.

ఇక మైలవరపు చేనిగట్టు మీద వదలివచ్చిన మనిషిని మరువరాదు. ఏ పాము అని అడుగుచు, దానిని వెదకి చంపి తెచ్చుటకై పరుగెత్తుచు కాలము వ్యర్థము చేయవలసిన యవసరము నేడు లేదు. మన ఆసుపత్రులలో వాడు విషహరౌషధము నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, రంపపుపొలుసుల చిన్న పింజరి యను నాలుగింటికిని కలిపి తయారుచేసినది. వైద్యుడు పాము రూపము కొరకు వేచియుండడు. రోగి రెప్పలు వాలుచున్నవా, ఊపిరి భారమగుచున్నదా అని చూచును. కొంచెము రక్తమును శుభ్రమైన గాజుగొట్టములో తీసి ఇరువది నిమిషములు కదల్పక ఉంచును. గడ్డకట్టకున్నచో అది పింజరి విషమని అనుమానించి చికిత్స మొదలుపెట్టును. రూపము మోసగించినను ధర్మము దాగదు. రస్సెల్ నోరు తెరచి కోర చూచినాడు. నేటి వైద్యుడు రక్తమునే ప్రశ్నించుచున్నాడు.

అయినను 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటువలన ఏటేట సగటున 58,000 మంది మరణించినారని పరిశోధకుల అంచనా. మన ఆంధ్రరాష్ట్రము అధికముగ నష్టపోయిన రాష్ట్రములలో నొకటి. వీరిలో ఎందరో ఆసుపత్రి గుమ్మము చేరనివారు. మంత్రగాని యింట, వేరుమందు చెంత విలువైన గంటలు పోగొట్టుకొన్నవారు. తంజావూరు మాత్రను రస్సెల్ పరీక్షించి రెండువందల ముప్పదియేండ్లు దాటినది. ఆ పరీక్ష చేయవలెనను బుద్ధి మాత్రము మన గ్రామములలో ఇంకను వేళ్లూనవలసియున్నది. ఆ పని ఆసుపత్రివారి కంటె ముందు బడిపంతులు చేయదగినది. రస్సెల్ వైపర్ అను మాటను నల్లబల్లపై వ్రాయునాడు, దాని ప్రక్కన కాటుకరేకుల పొడ యని కూడ వ్రాసి, ఆ వృద్ధవైద్యుని కథ పిల్లలకు చెప్పి, పాము ముట్టిననాడు ఎచటికి పోవలెనో ఆ పూటనే నేర్పినచో, ఒక్క ఇంటి దీపమైనను నిలువకపోదు.